కాకస్‌లో నా స్పీచ్ ఎవరూ విన్లేదు
అమెరికాలోని అయోవా రాష్ట్రంలో 2008 జనవరి 3న డెమోక్రాట్ల కాకస్‌కి (ప్రెసిడెంట్ అభ్యర్థిగా ఎవరు కావాలో పార్టీ వాళ్ళు ఒకచోట చేరి తేల్చుకునే మీటింగ్) మా ప్రీసింక్ట్‌లో, అంటే మా పేట ఓటింగ్ ఏరియాలో, ఒబామా తరఫున వాలంటీర్లని పోగేసే పని నాకు తగిలించారు. అప్పట్లో ఇక్కడ బ్యాలెట్ పేపర్ ఉండేది కాదు, స్కూల్ జిమ్‌లో తమ అభ్యర్థి మూలకి వెళ్ళి నిలబడితే తలకాయలు లెక్కపెట్టేవాళ్ళు, మామూలుగా 15 శాతం కూడా రాని గ్రూప్ వాళ్ళు వేరే మూలకి మారే వీలుండేది, అసలు ఆట అప్పుడే మొదలయ్యేది! అందుకే స్పీచ్‌లు దంచేవాళ్ళని కాదు, పక్కింటోళ్ళ పేర్లు తెలిసినవాళ్ళని వెతికా. ఒక రిటైర్డ్ టీచరమ్మ దొరికింది, సగం రూమ్ ఆవిడ పాత స్టూడెంట్లే. ఇంకో అభ్యర్థి రిచర్డ్‌సన్ మూల ఖాళీ అవుతుంటే ఆవిడ అలా చెయ్యి ఊపిందంతే, నలుగురు ఇటొచ్చేశారు. నేను రాత్రంతా బట్టీ పట్టిన రెండు నిమిషాల స్పీచ్ మాత్రం చంటిపిల్లల ఏడుపులో కొట్టుకుపోయింది.