అమ్మమ్మ తుంటి ఆపరేషన్

"82 ఏళ్ల మనిషికి ఆపరేషన్ ఏంటి, మంచంలోనే పెట్టి చూసుకోండి" అని చుట్టాలందరిదీ ఒకటే పాట. వాట్సాప్ గ్రూప్‌లో పుత్తూరు కట్టు మీద చర్చ సరేసరి.

అమ్మమ్మ బాత్రూమ్ దగ్గర జారింది, అంతే. ఎముకలు గుల్లబారాక ఆ మాత్రం చాలట. ఒక కాలు పొట్టిగా, పాదం బయటికి తిరిగి ఉండటం చూసి ఎక్స్‌రే రాకముందే తుంటి విరిగిందన్నారు డాక్టర్.

అసలు ప్రమాదం ఆ మంచంలోనే ఉందని ఆయనే చెప్పారు. కదలకుండా పడుకుంటే పుండ్లు, న్యుమోనియా, కాళ్లలో రక్తం గడ్డలు. అందుకే ఒంట్లో మిగతావి సర్దుకుంటే 48 గంటల్లోపే చేసేయాలన్నారు. విరిగింది తొడ ఎముక మెడ దగ్గర, అంటే పైకొసనున్న బంతికి కిందే ఉండే సన్నటి భాగంలో. అక్కడ విరిగి పక్కకి జరిగితే పైనున్న బంతికి రక్తం సరిగా అందదు, అతుక్కోవడం కష్టం. బంతి తీసేసి లోహపుది పెట్టారు, ఆ బంతి తిరిగే గిన్నె మాత్రం సొంతదే.

మర్నాడే ఫిజియో వచ్చి వాకర్‌తో నిలబెడుతుంటే మా అమ్మకు చెమటలు పట్టాయి. అమ్మమ్మ మాత్రం "వదలకు నాయనా" అంటూనే నాలుగడుగులు వేసేసింది.

ఇప్పుడు గొడవంతా పీట గురించే. కింద కూర్చోవద్దన్నారు, కాలు మీద కాలు వేయొద్దన్నారు. కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ, నా పీట ఎవరు దాచారే అని రోజూ పంచాయితీ.