ఉత్తరేణి నన్ను మోసం చేసిన వారం

ఎంఎస్సీ ప్రాజెక్టుకు మలేరియా తీసుకున్నప్పుడు మొక్కలు వెతకడమే కష్టమనుకున్నాను. నిజానికి తేలికైన పని అదొక్కటే. మాది అచ్చంపేట దగ్గర ఊరు. నేలవేము, వావిలి, ఉత్తరేణి మూడూ అమ్మమ్మే చూపించింది. వాటిని నీడన ఆరబెట్టి, పొడి చేసి, మూడు రోజులు మిథనాల్‌లో నానబెట్టాను. వడకట్టాక 40 డిగ్రీలు దాటకుండా మిథనాల్‌ను ఆవిరి చేసేశాను. వేడి విషయంలో మా మేడం అస్సలు ఊరుకోరు. చైనాలో తు యూయూ కూడా వేడి తగ్గించి, ఈథర్ వాడాకే మలేరియా మందు ఆర్టెమిసినిన్‌కు దారి దొరికిందని, 2015లో నోబెల్ వచ్చిందని ప్రతి బ్యాచ్‌కీ చెబుతారు.

పరీక్షలు హైదరాబాద్‌లోని ఒక ల్యాబ్‌లో. మహబూబ్‌నగర్ నుంచి పొద్దున్నే బస్సు. మలేరియా తెచ్చే ఫాల్సిపేరం క్రిమిని మనిషి ఎర్ర రక్తకణాల్లోనే పెంచాలి. 37 డిగ్రీలుండాలి, ఆక్సిజన్ 5 శాతం చాలు. పసిపిల్లను సాకినట్టే. ఒక ఆదివారం మీడియం, అంటే క్రిమి పెరిగే పోషక ద్రవం, మార్చడానికి వెళ్లలేదు. సోమవారం స్లైడ్ మీద ముడుచుకుపోయిన నల్లచుక్కలే మిగిలాయి. మళ్లీ మొదటి నుంచి.

చివరికి 96 గుంటల ప్లేట్ పెట్టాను. ఉత్తరేణి వేరు సారం ఐసీ50 విలువ, అంటే క్రిమి పెరుగుదలను సగానికి తగ్గించే మోతాదు, మిల్లీలీటరుకు 4 మైక్రోగ్రాములు వచ్చింది! ముడి సారానికి 10 లోపు వస్తేనే గొప్ప. ఇంటికి ఫోన్ చేసి చెప్పేశాను కూడా.

మర్నాడు సీనియర్ అక్క ఒకటే అడిగింది: "ప్లేట్‌ను కంటితో చూసినవా?"

చూడలేదు. మెషీన్ ఇచ్చిన అంకెలే చూశాను. ఫ్రిజ్‌లో దాచిన రెండో ప్లేట్ తీస్తే, ఉత్తరేణి గుంటల్లో పైన తేలిన ద్రవం బీట్‌రూట్ కడిగిన నీళ్లలా ఉంది. రక్తకణాలే పగిలిపోయాయి. ఇల్లు కూలితే అద్దెకున్నవాడూ పోతాడు కదా! మేం వాడిన సైబర్ గ్రీన్ రంగు డీఎన్‌ఏకు అంటుకుని మెరుస్తుంది. ఎర్ర రక్తకణానికి కేంద్రకం ఉండదు కాబట్టి ఆ మెరుపంతా క్రిమిదే అని లెక్క. క్రిమి మందుతో చచ్చిందా, గూడు కూలి చచ్చిందా అన్నది మెషీన్‌కు తెలియదు.

ఆ వేరు పొడిలో నీళ్లు పోసి ఊపిన రోజు కుంకుడు రసంలా నురగ వచ్చింది. ముచ్చటపడి ఫొటో కూడా తీసుకున్నాను. అంత నురగ సపోనిన్లనే మొక్క పదార్థాల పనే. కణాల పొరకు చిల్లులు పెట్టేవీ అవే. క్రిమి లేని ఉత్త రక్తకణాల మీద వేసి చూస్తే అదే ఎరుపు.

ఆ అంకెను నోట్‌బుక్‌లో కొట్టేశాను. ఏడుపొచ్చింది, అబద్ధమెందుకు. నేలవేము ఏ ఎరుపూ లేకుండా 19 దగ్గర ఆగింది. అదే ప్లేట్‌లో మలేరియా మందు క్లోరోక్విన్ నానోగ్రాముల్లోనే పని ముగించింది.

ఈసారి అమ్మమ్మే ఫోన్ చేసింది. "జరమొస్తే గా కషాయమే తాగుదునా మరి?"

"ముందు రక్తం చూపించుకో అమ్మమ్మా. మలేరియా అయితే దవాఖాన గోలీలే."

"మరి ఉత్తరేణి?"

"అది రక్తకణాల్నే పగలగొట్టింది."

కాసేపు మాట్లాడలేదు. "గదేందే, దాంతోనే కదా రోజూ పండ్లు తోముకునేది" అంది.