నాన్న చెక్కిన కర్రలతో శ్రీశైలానికి

షెడ్డులో ఒక మూలన పదకొండు కర్రలు మిగిలాయి. పాత ద్వారబంధాలు కోయగా మిగిలిన టేకుతో చేసినవి. నున్నగా చిత్రిక పట్టి, కింది కొసకు సైకిల్ ట్యూబు ముక్క బిగించి, పైన బొటనవేలు ఆనేలా చిన్న గాడి తీశాడు నాన్న. ఈ శివరాత్రి నడకకని ముందే మొదలుపెట్టాడు. వానాకాలం దాటకుండానే పోయాడు. అమ్మ ఆ షెడ్డు తలుపు తీసినప్పుడల్లా వాటిని చూసి మళ్ళీ మూసేసేది. చివరికి తమ్ముడే అన్నాడు, "మోసుకెళ్ళి పంచేద్దాం అక్కా. ఇక్కడుంటే చెదలు పడతాయి."

అలా వెంకటాపురం చేరాం. ఆత్మకూరు దగ్గరి ఈ ఊరి నుంచి నల్లమల గుండా శ్రీశైలానికి సుమారు 40 కిలోమీటర్ల కాలిబాట. నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం. చిన్నప్పుడు ఈ పేర్లు నాకు ఎక్కాల్లా నోటికి వచ్చేవి. నేను నడిచింది మాత్రం అంతకుముందు రెండేసార్లు. నాన్న ఏటా నడిచేవాడు. ఇరవై దాకా కర్రలు కట్టగట్టి తెచ్చి, దారి మొదట్లో నిలబడి, మోకాళ్ళు పట్టుకుంటూ వచ్చేవాళ్ళకు తలా ఒకటి ఇచ్చేవాడు. చేతికి అందింది ఇచ్చేయడం కాదు. "మోచెయ్యి మడువమ్మా" అని ఎత్తు చూసి, సరిపడేది వెతికి ఇచ్చేవాడు. డబ్బులివ్వబోతే చెయ్యి వెనక్కి పెట్టుకునేవాడు. "పైకెళ్ళాక ఎవరికైనా ఇచ్చెయ్" అనేవాడు.

ఈసారి ఆ పని మాది. నాకు పరమ మొహమాటం. ముక్కూమొహం తెలియని పెద్దమనిషిని ఆపి మోచెయ్యి మడవమని ఎలా అడుగుతాం? మొదటి ఆయన మేం కర్రలు అమ్ముకునేవాళ్ళం అనుకుని బేరం మొదలుపెట్టాడు. ఊరికే అని చెప్తే అనుమానంగా చూసి వెళ్ళిపోయాడు. నాలుగు కర్రలు పోయేసరికి ఎండ ఎక్కింది. మిగతావి భుజాన వేసుకుని నడక మొదలుపెట్టాం.

ఊళ్ళో నాన్నను అందరూ మిలిటరీ అనే పిలిచేవారు. సైన్యానికి వంతెనలూ దారులూ వేసే మద్రాస్ సాపర్స్ దళంలో కార్పెంటర్‌గా చేరాడు. కట్టెపని ఇంట్లో తాత దగ్గరే వచ్చు, బెంగళూరులో దానికి కొలత నేర్పారని చెప్పేవాడు. బెయిలీ బ్రిడ్జి గురించి అడిగితే మాత్రం చేతులు తిప్పుతూ అరగంట చెప్పేవాడు. ఒక్కో ఇనుప ప్యానెల్ 260 కిలోలు. ఆరుగురు కలిసి ఎత్తుకుని, పిన్నులు దూర్చుకుంటూ, క్రేన్ లేకుండానే వంతెన వేసేస్తారట. 1971 యుద్ధం గురించి అడిగితే ఆ చేతులు కదిలేవి కావు. పాకిస్తాన్‌లోని షకర్‌గఢ్ వైపు మందుపాతరలు తీశాడని మాకు తెలుసు. సన్నటి చువ్వను ఏటవాలుగా నేలలో గుచ్చుకుంటూ, అంగుళం అంగుళం ముందుకు పోవాలి. అంతవరకే చెప్పాడు. ఆ యుద్ధానికి ఇచ్చిన పశ్చిమీ స్టార్ పతకం ఆయన పోయిన తర్వాతే మాకు దొరికింది, బందులూ స్క్రూలూ వేసుకునే బిస్కెట్ల డబ్బాలో. రిబ్బన్‌కు వార్నిష్ మరక.

ఆయన అడవిలో నడిచే తీరు మాత్రం నాకు బాగా గుర్తుంది. కర్ర ముందు ఆనించి, నేల చూసి, అప్పుడు అడుగు వేసేవాడు. మెల్లగా ఏం కాదు, మాకంటే వేగంగానే. కానీ చూడకుండా ఒక్క అడుగు పడేది కాదు. చీమల బారు ఉంటే దాటుకుని వెళ్ళేవాడు. పాముల భయం అనుకునేదాన్ని. ఆ చువ్వ సంగతి తెలిశాక ఇంకోలా అనిపించింది. నిజం ఏదో ఆయననే అడిగి ఉండాల్సింది.

నాగలూటి వీరభద్రుడికి దండం పెట్టుకుని, నీళ్ళు తాగి కదిలాం. ఇక్కడి నుంచి ఎక్కుడు, పాత రాతిమెట్లు. శ్రీశైలానికి మెట్లు కట్టించింది కొండవీటి రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి అంటారు. పద్నాలుగో శతాబ్దం మాట. అరిగిన చోట రాయి జారుడుగా ఉంటుంది. ఆ ట్యూబు ముక్క ఎందుకు పెట్టాడో అక్కడ తెలిసింది.

మోదుగలు విరగబూశాయి. ఆకు రాలిన కొండగోగు కొమ్మల చివర పసుపుపచ్చటి పూలు. నాన్నకు చెట్లు రెండు రకాలుగా తెలుసు. ముందు కట్టెగా, తర్వాత చెట్టుగా. నల్లమద్దిని చూపించి "ఇది రంపం పళ్ళు తినేస్తుంది" అనేవాడు, చుట్టం గుణం చెప్పినట్టు. ఒకసారి ఈ మెట్ల మీదే అడిగాను, "చెట్లంటే ప్రాణమంటావు, బతికేది కట్టె కోసి. ఎలా నాన్నా?" అని. ఆగి ఒక్క క్షణం చూశాడు. "అన్నం తినేవాడికి వరిచేను మీద ప్రేమ ఉండదా ఏం?" అన్నాడు. అప్పుడు తప్పించుకున్నాడనుకున్నాను. ఇప్పటికీ సగం అలాగే అనిపిస్తుంది. కానీ పాత ఇల్లు ఎక్కడ పడగొడుతున్నా సైకిలేసుకుని వెళ్ళి ఆ తలుపులూ దూలాలూ కొనుక్కొచ్చేవాడు. కొత్త కట్టె కొన్నది చాలా తక్కువ.

అమ్మకు షుగర్ అని తెలిసిన ఏడు వేగిస కట్టెతో ఒక గ్లాసు తొలిచి ఇచ్చాడు. రాత్రి నీళ్ళు పోసి ఉంచితే పొద్దున్నే తేలిగ్గా టీ రంగుకు తిరిగేవి. ఆ గ్లాసును కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి కాస్త వంచి చూపించేవాడు. అంచున నీలంగా ఒక మెరుపు తేలేది, నెమలి మెడలో ఉంటుందే, అలా. "చెట్టు పోయినా రంగు పోలేదు చూడు" అని మురిసిపోయేవాడు. షుగర్ తగ్గిందా అంటే, అమ్మ మాత్రలు మానలేదు లెండి.

పెచ్చెరువు చేరేసరికి పొద్దు గుంకింది. అడవిలో ఉన్నట్టుండి ఒక ఊరంత జనం, అన్నదానాలు, భజనలు, మైకులు. ఏడాదంతా పులుల అభయారణ్యం, ఈ కొద్ది రోజులు మాత్రం ఇలా. మైకులంటే నాన్నకు ఒళ్ళు మంట. అన్నం తినేసి జనానికి దూరంగా వెళ్ళి పడుకునేవాడట. మేమూ అలాగే కాస్త ఎడంగా పట్ట పరుచుకున్నాం. తమ్ముడి మడమకు బొబ్బ లేచి పగిలింది. గుడ్డ కడుతుంటే, నెగళ్ళ దగ్గర కూర్చున్న ఒక చెంచు పెద్దాయన లేచి వచ్చాడు. మా కర్రల కట్టనే చూస్తున్నాడు. ఒకటి తీసి, గాడిలో బొటనవేలు పెట్టి చూసుకున్నాడు.

"మిలిటరీ రాలేదా?"

ఏం చెప్పాలో నోరు పెగల్లేదు. తమ్ముడే చెప్పాడు. ఆయన ఏమీ అనకుండా వెళ్ళి తన కర్ర తెచ్చి మా ముందు పెట్టాడు. ఎన్నేళ్ళదో, చేతి చెమటకు నల్లబడి గాజులా నునుపెక్కింది. గాడి దాదాపు అరిగిపోయింది. కింద ట్యూబు మాత్రం కొత్తది. "రబ్బరు ఏటా ఆయనే మార్చేవాడు. పోయిన శివరాత్రికి మార్చిందే ఇది" అన్నాడు. తర్వాత చాలాసేపు కూర్చున్నాడు గానీ నాన్న గురించి మాట్లాడింది తక్కువ. ఏ చెట్టు కూలిపోయిందో, ఏ కుంటలో ఈసారి నీళ్ళు నిలవలేదో చెప్పాడు. ఆయనా నాన్నా ఏటా మాట్లాడుకునేవి ఇవేనన్నమాట. పొద్దున్నే బయల్దేరుతుంటే "మా అల్లుణ్ణి అడిగానని చెప్పండి" అని నవ్వాడు. చెంచులకు మల్లన్న ఇంటి అల్లుడు, చెంచు మల్లయ్య.

భీముని కొలను దగ్గర లోయలోకి దిగి మళ్ళీ అంత ఎత్తూ ఎక్కాలి. మాలో మాట లేదు. ఉన్నదల్లా ఆయాసమే. దిగేచోట ముగ్గురికి, ఎక్కేచోట ఇద్దరికి కర్రలు ఇచ్చేశాం. అప్పటికి సిగ్గు పోయింది. "మోచెయ్యి మడువమ్మా" అని నేనే గట్టిగా అడుగుతున్నాను. కైలాసద్వారం దాటి పైకి వచ్చేసరికి ఇంకొకటి పోయింది.

దర్శనం గురించి చెప్పడానికి పెద్దగా లేదు. గంటల కొద్దీ క్యూ, క్షణం పాటు స్వామి. నాన్న కూడా ఆ క్యూ కంటే పాగాలంకరణ కోసమే ఉండిపోయేవాడు. శివరాత్రి రాత్రి గుడి దీపాలన్నీ ఆర్పేస్తారు. చీరాల వైపు నుంచి వచ్చే నేతన్న, ఏడాది పొడుగునా రోజుకొక మూర చొప్పున నేసిన పాగాను ఆ చీకట్లో దిగంబరంగా గోపురం ఎక్కి, శిఖరం నుంచి నందులకు చుడతాడు. జనమంతా శివనామంలో ఉంటే నాన్న మాత్రం "చీకట్లో ముడి వేస్తున్నాడు చూడు, చేతికి ఎంత తెలిసుండాలి" అని గొణిగేవాడట. అమ్మ చెప్పింది. ఈసారి దీపాలు ఆరగానే నేను కళ్ళు మూసుకోలేదు. ఏమీ కనబడలేదు, చీకటి. అయినా చూస్తూనే ఉన్నాను.

తెల్లారి బస్సు కోసం కూర్చున్నప్పుడు లెక్క చూశాం. ఒక్క కర్ర మిగిలింది. అన్నిటికంటే పొడుగుది. దారిలో ఎవరికి కొలిచినా చెయ్యి దాటిపోయింది. అది ఎవరి కొలతో ఇద్దరికీ తెలుసు. ఆయన ఆరడుగులకు రెండంగుళాలే తక్కువ.

"నాకు రెండంగుళాలు కోస్తే సరిపోతుంది" అన్నాడు తమ్ముడు, కుంటుకుంటూ లేచి నిలబడి.

"కోయకు. వచ్చే ఏడు పొడుగుమనిషి ఎవరూ రాకపోతారా" అన్నాను.