బరువు ఆపరేషన్‌తో కొలెస్ట్రాల్ పోతుందా? ముందు రిపోర్టులో ఏ వరుస పెరిగిందో చూడండి

బరువు తగ్గించే ఆపరేషన్ గురించి చెప్పేటప్పుడు షుగరు, బీపీ, కొలెస్ట్రాల్ మూడింటినీ ఒకే మూట కట్టి "అన్నీ తగ్గిపోతాయి" అనేస్తుంటారు. షుగరు విషయంలో ఆ మాట చాలామందికి నిజమే. కొలెస్ట్రాల్ దగ్గరికొచ్చేసరికి సగమే నిజం. ఆ మిగతా సగం తెలియక, బరువు తగ్గగానే గుండె కోసం ఇచ్చిన మాత్రను సొంతంగా మానేసేవాళ్లు ఉన్నారు. అందుకే ఇదంతా వివరంగా రాయాల్సి వస్తోంది.

లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలోని కొవ్వుల పరీక్ష) కాగితం తీయండి. మొదట కనిపించే టోటల్ కొలెస్ట్రాల్ అంకెను కాసేపు పక్కన పెట్టండి. చూడాల్సినవి మిగతా మూడు వరుసలు: ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో తిరిగే కొవ్వు), హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్), ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్). 98 కిలోల మనుషులు ఇద్దరున్నారనుకుందాం. మొదటి మనిషికి టోటల్ 240, ట్రైగ్లిజరైడ్లు 300, హెచ్‌డీఎల్ 32. ట్రైగ్లిజరైడ్లను 5తో భాగిస్తే 60. టోటల్‌లోంచి ఆ 60, హెచ్‌డీఎల్ 32 తీసేస్తే ఎల్‌డీఎల్ 148. రెండో మనిషికి టోటల్ 268, ట్రైగ్లిజరైడ్లు 110, హెచ్‌డీఎల్ 48. అదే లెక్క వేస్తే ఎల్‌డీఎల్ 198. (ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఈ లెక్క పనికిరాదు, ఎల్‌డీఎల్‌ను నేరుగా కొలిపించాలి.)

ఇద్దరిదీ ఒకే బరువు, ఇద్దరికీ "కొలెస్ట్రాల్ ఉంది". కానీ జబ్బులు వేరు. మొదటి మనిషిది పొట్ట చుట్టూ పేరుకున్న కొవ్వుతో, మూడు పూటలా అన్నంతో, తీపితో, మద్యంతో పెరిగే రకం. మన దేశంలో ఇదే ఎక్కువ. తమిళనాడు, మహారాష్ట్ర, జార్ఖండ్, చండీగఢ్‌లలో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) చేయించిన సర్వేలో 72 శాతం మందికి హెచ్‌డీఎల్ తక్కువగా తేలింది, ఎల్‌డీఎల్ పెరిగినవాళ్లు 12 శాతమే. బరువు దిగితే ఈ మొదటి మనిషి రిపోర్టు బాగా మారుతుంది. ట్రైగ్లిజరైడ్లు పడిపోతాయి, హెచ్‌డీఎల్ నెమ్మదిగా లేస్తుంది.

రెండో మనిషి సంగతి అలా కాదు. ఎల్‌డీఎల్‌ను రక్తంలోంచి లాగేసేవి లివర్ కణాల మీద ఉండే గ్రాహకాలు. అవి పుట్టుకతోనే తక్కువగా ఉన్నా, సరిగ్గా పనిచేయకపోయినా, ముప్పై కిలోలు తగ్గినా ఎల్‌డీఎల్ పెద్దగా కదలదు. ఎల్‌డీఎల్ 190 దాటిందంటే ఇంట్లో చిన్న వయసులో గుండెపోటు వచ్చినవాళ్లు ఉన్నారేమో అడగాలి, మడమ వెనక తాడులా తగిలే స్నాయువు లావెక్కిందేమో తడిమి చూడాలి. థైరాయిడ్ పరీక్ష తప్పనిసరి. థైరాయిడ్ మందగిస్తే ఎల్‌డీఎల్ పెరుగుతుంది, బరువూ పెరుగుతుంది. ఆ ఒక్క పరీక్ష చేయించకుండా ఆపరేషన్ మాట ఎత్తడం తప్పు.

ఇక ఆపరేషన్లు. ఇప్పుడు ఎక్కువగా చేసేది స్లీవ్. చిటికెన వేలంత లావు గొట్టాన్ని నోట్లోంచి జీర్ణాశయంలోకి దించి, దాని వెంబడి స్టేప్లర్‌తో కుట్టుకుంటూ వచ్చి, ముప్పాతిక వంతు సంచిని కోసి బయటికి తీసేస్తారు. మిగిలేది చిన్న టీ గ్లాసు పట్టేంత. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా ఊరేది ఆ తీసేసిన భాగంలోనే, కాబట్టి మొదట్లో ఆకలే వేయదు. తీసిన భాగాన్ని మళ్లీ అతికించడం కుదరదు. ఛాతీలో మంట, పుల్లటి తేన్పులు ముందే ఉన్నవాళ్లకు ఇవి ముదురుతాయి, వాళ్లు స్లీవ్ వైపు వెళ్లకపోవడమే మేలు. పేగుల జోలికి పోని ఆపరేషన్ కాబట్టి ఎల్‌డీఎల్ మీద దీని ప్రభావం చాలా స్వల్పం.

బైపాస్‌లో జీర్ణాశయం పైభాగాన సుమారు 30 మి.లీ. సంచిని మాత్రమే ఉంచుతారు. దగ్గు మందు సీసా మూతతో మూడు మూతలు, అంతే. దానికి చిన్నపేగును తెచ్చి అతికిస్తారు. పైత్యరసం వేరే దారిన వచ్చి, మీటరు మీటరున్నర కింద తిండితో కలుస్తుంది. దీనిలో ఎల్‌డీఎల్ కూడా తగ్గుతుంది. స్విట్జర్లాండ్‌లో స్లీవ్‌నూ బైపాస్‌నూ పోల్చి 2018లో ప్రకటించిన ఐదేళ్ల ఫలితాల్లోనూ కొలెస్ట్రాల్ విషయంలో మొగ్గు బైపాస్ వైపే. మినీ బైపాస్‌లో రెండుకు బదులు ఒకటే అతుకు ఉంటుంది, పైత్యరసం పైకి ఎగదన్నే బాధ కొందరికి వస్తుంది. స్లీవ్‌తో పాటు చిన్నపేగులో చాలా భాగాన్ని తప్పించే డ్యూయోడినల్ స్విచ్ అన్నిటికన్నా ఎక్కువగా ఎల్‌డీఎల్‌ను దించుతుంది గానీ, మాంసకృత్తుల, విటమిన్ల లోటు కూడా అంతే ఎక్కువ. జీర్ణాశయం పైభాగాన పట్టీ బిగించే బ్యాండ్ ఆపరేషన్‌కు దాదాపు కాలం చెల్లింది.

పేగు దారి మారిస్తే ఎల్‌డీఎల్ ఎందుకు తగ్గుతుంది? లివర్ కొలెస్ట్రాల్‌తోనే పైత్యరస ఆమ్లాలను తయారుచేస్తుంది. అవి పని ముగించుకుని చిన్నపేగు చివర మళ్లీ రక్తంలోకి చేరి లివర్‌కు తిరిగొస్తాయి. ఆ తిరుగుదారి తెగితే లివర్ కొత్తవి చేసుకోవడానికి రక్తంలోని ఎల్‌డీఎల్‌ను లాక్కోవాలి. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలు రాకముందే, 1963లో అమెరికాలో హెన్రీ బుక్వాల్డ్ అనే సర్జన్ బరువు కోసం కాకుండా కేవలం కొలెస్ట్రాల్ కోసమే చిన్నపేగు చివరి భాగాన్ని తప్పించి కుట్టారు. తర్వాత ఒకసారి గుండెపోటు వచ్చిన 838 మందితో చేసిన పరిశోధన ఫలితాలు 1990లో వచ్చాయి. ఆపరేషన్ అయినవాళ్ల ఎల్‌డీఎల్, కానివాళ్లతో పోలిస్తే 38 శాతం తక్కువ.

ఇప్పుడు అంతకన్నా ఎక్కువ పని ఒక మాత్ర చేస్తుంది. రెండో మనిషి ఎల్‌డీఎల్ 198 కదా. రోసువాస్టాటిన్ 20 మి.గ్రా. దాన్ని దాదాపు సగానికి, అంటే 99కి తెస్తుంది. దానికి ఎజెటిమైబ్ అనే మరో రకం కొలెస్ట్రాల్ మందు 10 మి.గ్రా. జోడిస్తే మరో అయిదో వంతు తగ్గి 79 దగ్గరికొస్తుంది. స్టాటిన్ డోసు రెట్టింపు చేసినా అదనంగా తగ్గేది 6 శాతమే, అందుకే డోసు పెంచుకుంటూ పోవడం కన్నా రెండో మందు చేర్చడం తెలివైన పని. గుండెజబ్బు ముప్పు ఎక్కువగా ఉన్నవాళ్లకు 70 లోపు, స్టెంట్ పడినవాళ్లకు, గుండెపోటు వచ్చినవాళ్లకు 55 లోపు ఉండాలని మన దేశపు కార్డియాలజిస్టుల సంఘం 2024లో చెప్పింది.

ఆపరేషన్‌కు అర్హత బీఎంఐని (కిలోల్లో బరువును, మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకెను) బట్టి ఉంటుంది. 2022 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాల్లో ఎవరికైనా 35, ఆసియా వాళ్లకు 27.5 నుంచే ఆలోచించవచ్చని ఉంది. 160 సెం.మీ. ఎత్తు మనిషికి ఇవి 90 కిలోలు, 70 కిలోలు. ఇన్సూరెన్సు లెక్క వేరు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధన ప్రకారం బీఎంఐ 40 ఉండాలి, లేదా 35తో పాటు అదుపులో లేని షుగరు, గుండెజబ్బు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం) వంటివి ఉండాలి. ఆ జాబితాలో కొలెస్ట్రాల్ లేదు. అడ్మిట్ కాకముందే పాలసీ కాగితాల్లో ఈ వాక్యం చదువుకోండి.

ఆపరేషన్ అయ్యాక షుగరు, బీపీ మాత్రలు వారాల్లోనే తగ్గించేస్తారు. ట్రైగ్లిజరైడ్లు దిగితే ఫెనోఫైబ్రేట్ కూడా డాక్టరు ఆపవచ్చు. స్టాటిన్‌ను మాత్రం వీటితో కలపకండి. స్టెంట్ ఉన్నవాళ్లకు ఎన్ని కిలోలు తగ్గినా అది అవసరమే. పేగు దారి మారాక మాత్ర ఒంటికి పట్టడం మనిషికో రకంగా ఉంటుంది, కాబట్టి రెండు మూడు నెలలకు లిపిడ్ పరీక్ష మళ్లీ చేయించి డోసు సరిచూడాలి. కడుపు మంటకు తాగే తెల్లటి యాంటాసిడ్ సిరప్‌కూ రోసువాస్టాటిన్‌కూ మధ్య రెండు గంటల ఎడం ఉండాలి. ఒంటి నొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ కొనుక్కుని వేసుకోవడం బైపాస్ అయినవాళ్లకు నిషిద్ధం, అతుకు దగ్గర పుండు పడుతుంది. పొగ తాగినా అంతే.

తిండి రెండు వారాలు ద్రవాలే. పల్చటి మజ్జిగ, వడకట్టిన పప్పుకట్టు, కారం లేని చారు, ఒక్కో గుక్క చొప్పున. 30 మి.లీ. తాగడానికి పావుగంట పట్టాలి. తర్వాత మెత్తటివి, ఆరో వారం దాటాక మామూలు తిండి. రోజుకు 60 గ్రాముల మాంసకృత్తులు అందడమే అసలు కష్టం. గుడ్డులో 6 గ్రాములు, వంద మి.లీ. పెరుగులో 3. కాబట్టి పళ్లెంలో ముందు తినాల్సింది పప్పు, గుడ్డు, చేప. అన్నం చివర రెండు ముద్దలు. నమలకుండా మింగిన అన్నం ముద్ద దిగకుండా అక్కడే ఇరుక్కుని వాంతి చేయిస్తుంది. బైపాస్ తర్వాత పాయసం, బొబ్బట్టు తింటే అరగంటలో గుండెదడ, చెమటలు, విరేచనం పట్టుకుంటాయి. వంటకు పామాయిల్ మానేయండి, దానిలో సగం సంతృప్త కొవ్వే. వేరుశనగ నూనెలో అయిదో వంతు లోపే.

వేగంగా సన్నబడేటప్పుడు ఒంటి కొవ్వులోని కొలెస్ట్రాల్ పైత్యరసంలోకి చేరి, గాల్‌బ్లాడర్‌లో రాళ్లు కడుతుంది. అందుకే మొదటి ఆరు నెలలు అర్సోడియాక్సికోలిక్ ఆమ్లం మాత్రలు రాస్తారు. వాటిని దండగ అనుకోకండి. బీ12, ఐరన్, కాల్షియం సిట్రేట్, డీ విటమిన్ జీవితాంతం. ఐరన్‌కూ కాల్షియంకూ మధ్య రెండు గంటలు ఆగాలి.

మొదటి రెండు వారాల్లో నాడి 120 దాటినా, జ్వరం, ఎడమ భుజం నొప్పి, ఆయాసం వచ్చినా కుట్టు లీకయిందేమోనని అనుమానించాలి. తెల్లారేదాకా ఆగకూడదు. నెలల తర్వాత బైపాస్ మనిషికి తిన్నాక మెలిపెట్టే నొప్పి వస్తే లోపల పేగు ఇరుక్కుందేమో స్కాన్ తీయించాలి. వాంతులు రోజుల తరబడి ఆగకపోతే బీ1 విటమిన్ అడుగంటుతుంది. ఒకటి రెండుగా కనిపించడం, నడక తూలడం దాని గుర్తులు. ఆ స్థితిలో బీ1 ఇవ్వకుండా గ్లూకోజ్ సెలైన్ ఎక్కిస్తే మెదడు దెబ్బతింటుంది. ఊళ్లో దగ్గరున్న క్లినిక్‌లో ఇది తట్టకపోవచ్చు. ఏ ఆపరేషన్, ఏ తేదీ, "గ్లూకోజ్‌కు ముందు బీ1 ఇంజెక్షన్" అని చీటీ మీద రాసి ఫోను కవరు వెనక పెట్టుకోండి, ఇంట్లోవాళ్లకూ చూపించి ఉంచండి.