చెక్కభజన పాటకు మైన్‌క్రాఫ్ట్‌లో వీడియో: ముందు తాళం, తర్వాతే గండికోట

మైన్‌క్రాఫ్ట్ లాంటి, బ్లాకులు పేర్చి కట్టుకునే గేమ్‌లో మ్యూజిక్ వీడియో తీద్దామనుకున్న వాళ్లు చాలామంది మొదట సెట్టు కట్టడానికి దిగుతారు. గండికోట బురుజులు, ధాన్యాగారం, కింద పెన్నా లోయ అన్నీ కట్టేసి, ఆఖరున పాట తెచ్చి అతికిస్తారు. అప్పుడు బయటపడుతుంది, పాటది ఒక నడక, ఆటది ఇంకో నడక అని. పని మొదలెట్టాల్సింది పాట వేగం కొలవడం దగ్గర.

కంప్యూటర్‌లో ఆడే మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్ సెకనుకు 20 టిక్కులు కొట్టుకుంటుంది, టిక్కంటే ఆట ముందుకు కదిలే ఒక్క అడుగు. రెడ్‌స్టోన్ (ఆటలోని కరెంటు లాంటిది) టిక్కు ఒక్కోటి రెండు గేమ్ టిక్కులు, అంటే సెకనులో పదో వంతు. నిమిషానికి 100 దెబ్బలు పడే పాటైతే దెబ్బకు 0.6 సెకను, సరిగ్గా 12 టిక్కులు. ఇంకో సంగతి: బొమ్మ చెయ్యి ఒకసారి ఊపడానికి 6 టిక్కులు పడుతుంది, ఎగిరి కాలు కింద పెట్టడానికి దాదాపు 12. అంటే 100 వేగంలో దెబ్బకో గెంతు, అరదెబ్బకో చెక్క, లెక్క కుదిరిపోతుంది. అంతకంటే వేగంగా చెక్క ఆడిద్దామని క్లిక్కులు పెంచితే చెయ్యి పూర్తిగా దిగకముందే మళ్లీ లేస్తుంది. చూసేవాళ్లకు అది భజనలా ఉండదు, చేతికి వణుకు పుట్టినట్టుంటుంది.

పాట 96 దగ్గర ఉందనుకుందాం. దెబ్బకు 12.5 టిక్కులు వస్తుంది, ఆటలో అర టిక్కు లేదు. వీడియో సెకనుకు 30 ఫ్రేములైతే దెబ్బకు 18.75 ఫ్రేములు. పోనీలే అని 19కి సర్దుకుంటే దెబ్బకు పావు ఫ్రేము చొప్పున జారుతుంది. 64 దెబ్బలకు, అంటే 40 సెకన్లకే, 16 ఫ్రేములు వెనకబడుతుంది. అర సెకను పైమాటే. పల్లవిలో గొంతుతో కలిసి పడిన చెక్క చరణంలోకి వచ్చేసరికి గొంతు వెనక నడుస్తుంది. పాట సొంత రికార్డింగైతే సులువు: అడాసిటీ అనే ఆడియో ఎడిటర్‌లో శ్రుతి మారకుండా టెంపో మాత్రం 4.17 శాతం పెంచితే 96 కాస్తా 100 అవుతుంది. ఆ తేడా చెవికి పెద్దగా తెలియదు.

అసలు చిక్కు ఊళ్లో రికార్డు చేసిన చెక్కభజనతోనే. నిదానంగా మొదలై పోనుపోను ఉరుకుతుంది, గురువు గజ్జె ఎంత జోరు మీదుంటే అంత. దానికి ఒకే వేగం కట్టబోతే చెడుతుంది. పాటను అడాసిటీలో ప్లే చేస్తూ ప్రతి ఎనిమిదో దెబ్బ దగ్గర కంట్రోల్, ఎమ్ కలిపి నొక్కితే ఒక లేబుల్ పడుతుంది. ఆ లేబుళ్ల సమయాలు కాగితం మీద రాసిపెట్టుకోవాలి. ఆట మాత్రం 100 దగ్గరే ఆడి, తేడాను తర్వాత కెమెరా దగ్గర సర్దుకుంటాం.

ఆ కెమెరా పేరు రీప్లే మోడ్, మైన్‌క్రాఫ్ట్‌కు విడిగా కలుపుకునే చిన్న ప్రోగ్రాం. ఇది వీడియో తీయదు, సర్వర్ నుంచి వచ్చిన సమాచారాన్ని దాచుకుంటుంది. 1996లో వచ్చిన క్వేక్ అనే గేమ్ డెమో ఫైళ్ల కిటుకు కూడా ఇలాంటిదే. ఆట ఒకసారి ఆడితే చాలు, కోణాలు ఎన్నైనా తర్వాత పట్టుకోవచ్చు. ఫోన్‌లో ఆడే బెడ్‌రాక్ ఎడిషన్‌కు ఈ మోడ్ లేదు. అక్కడ కెమెరా కమాండ్‌తో నెట్టుకు రావాలి, అదో వేరే కథ.

భజనకు ఎనిమిది మంది, 5 బ్లాకుల వ్యాసార్థం గల గుండ్రం సరిపోతుంది. అందరూ వాయిస్ కాల్‌లో పాట వింటూ ఆడితే మాత్రం కుదరదు. ఒక్కొక్కరికి పాట ఒక్కో ఆలస్యంతో చేరుతుంది, పైగా కాల్‌లోని నాయిస్ సప్రెషన్ చెక్కల చప్పుడునే గోల అనుకుని నొక్కేస్తుంది. దెబ్బ సర్వర్‌లోంచే రావాలి. గుండ్రం నడుమ ఒక రెడ్‌స్టోన్ ల్యాంపు, పక్కన రెడ్‌స్టోన్ తగిలితే మోగే ఒక నోట్ బ్లాకు పెట్టండి. రెడ్‌స్టోన్ సంకేతాన్ని ఆలస్యం చేసే రిపీటర్లలో ఒకదాన్ని 4 మీద, ఇంకోదాన్ని 2 మీద పెట్టి, సంకేతం తిరుగుతూనే ఉండేలా చుట్టుగా కలిపితే 6 రెడ్‌స్టోన్ టిక్కులకొక దెబ్బ. ల్యాంపు వెలగడం వెంటనే, ఆరడానికి మాత్రం 4 గేమ్ టిక్కులు తీసుకుంటుంది. కాబట్టి అందరూ వెలిగే క్షణాన్నే పట్టుకోవాలి, ఆరేదాన్ని కాదు. ఆట మొదలయ్యే ముందు నాలుగు ఖాళీ దెబ్బలు వదలండి, ఎడిటింగ్‌లో పాట మొదటి చెక్కతో కలుపుకోవడానికి అవే గుర్తు.

ఇక గండికోట. జమ్మలమడుగు దగ్గరి ఆ ఎర్ర బండలు చూస్తే ఎవరో చేత్తో పేర్చినట్టే ఉంటాయి, మైన్‌క్రాఫ్ట్‌కు ఇంతకంటే అచ్చొచ్చే చోటు దొరకదు. టెర్రకోటా, గ్రానైట్, బ్రౌన్ టెర్రకోటా, కాస్త రెడ్ శాండ్‌స్టోన్ చాలు. అయితే ఒకేసారి వేల బ్లాకులు పోసే వరల్డ్‌ఎడిట్‌లో నాలుగూ శాతాలు వేసి ఒకేసారి కొండంతా పోస్తే అమ్మవారు పోసిన మొహంలా మచ్చలు మచ్చలుగా వస్తుంది. లోయ గోడలు అడ్డ పొరలు. రెండు మూడు బ్లాకుల ఎత్తుకొక పొర చొప్పున పోసి, పొర అంచును అక్కడక్కడా ఒక బ్లాకు లోపలికి తొలవాలి. కెమెరా చూడని వైపు ఏమీ కట్టొద్దు. తోలుబొమ్మలాటలో తెర వెనక ఎవరు చూస్తారు?

రికార్డింగ్‌కు ముందు పగలు-రాత్రి తిరగకుండా, వాన పడకుండా గేమ్‌రూల్స్ అనే సెట్టింగుల్లో ఆపేయాలి. ఆట రోజు 24,000 టిక్కులు. నాలుగు నిమిషాల పాటకు 4,800 టిక్కులు, అంటే రోజులో ఐదో వంతు గడిచిపోతుంది. ఆపకపోతే ఒక షాట్‌లో నీడ తూర్పుకు, పక్క షాట్‌లో పడమరకు పడుతుంది. ఎక్కువమంది దెబ్బతినేది ఇంకోచోట: రికార్డు చేసే మనిషి చుట్టూ ఎంత మేర లోడయిందో అంతే ఫైల్లో ఉంటుంది. ఆ మేర తక్కువైతే, తర్వాత కెమెరాను లోయ మీదికి ఎగరేసినప్పుడు కొండ సగంలో తెగి ఆకాశం కనిపిస్తుంది. ఆట మొదలవకముందే రెండర్ డిస్టెన్స్ (చుట్టూ ఎంత దూరం కనిపించాలన్న సెట్టింగు) పెంచుకోవాలి.

కెమెరా దారికి రెండు రకాల కీఫ్రేములు (దారి మీద పెట్టే గుర్తులు): స్థానానివి, సమయానివి. కాగితం మీద రాసుకున్న లేబుళ్లు పనికొచ్చేది ఇక్కడే. పాటలో 41వ సెకనుకు పడిన లేబుల్ దగ్గర, ఆటలో అదే దెబ్బ పడిన క్షణాన్ని సమయ కీఫ్రేముగా పెట్టండి. ఇలా ఎనిమిది దెబ్బలకొకటి పెడుతూ పోతే ఆట తనంతట తానే పాటతో పాటు ఉరుకుతుంది. మలుపు బాగా ఇరుకైన చోట కాట్‌మల్-రోమ్ (స్థానాలను నున్నగా కలిపే పద్ధతి) వంపు గీత దాటిపోయి కెమెరా గోడలోకి దూరుతుంది. అక్కడ ఇంకో స్థానం కలపండి, లేదా ఆ ముక్కకు లీనియర్, అంటే తిన్నని గీత, పెట్టండి.

రెండరింగ్‌కు, అంటే వీడియో ఫైలు తయారు కావడానికి, ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ప్రోగ్రాం ఉండాలి. మోడ్ ఒక్కో ఫ్రేమూ తీరిగ్గా గీసుకుంటుంది కాబట్టి పాత ల్యాప్‌టాప్ అయినా, కడప ఎండకు వేడెక్కి నెమ్మదించినా వీడియో కుదుపు లేకుండానే వస్తుంది. ఆలస్యం మాత్రం అవుతుంది. నాలుగు నిమిషాలకు 7,200 ఫ్రేములు, షేడర్లతో (వెలుగునీడలకు మెరుగులు దిద్దేవి) సెకనుకొక ఫ్రేము గీస్తే రెండు గంటలు. ఈ మధ్యలో కరెంటు పోతే సగం రాసిన ఎంపీ4 తెరుచుకోదు, అందుకే పల్లవి, చరణాలు విడివిడిగా రెండర్ చేసుకోవడం మేలు. వచ్చే వీడియోలో శబ్దం ఉండదు, పాటను ఎడిటర్‌లో కలపాలి.

యూట్యూబ్‌కు 1080పీ, 30 ఫ్రేములకు 8 ఎంబీపీఎస్ చాలంటారు కానీ, ఎర్ర రాళ్ల గరుకుతనం అందులో పేస్టులా కరిగిపోతుంది. 1440పీకి పెంచి 16 ఎంబీపీఎస్‌తో ఎక్కిస్తే నయం. పాట పాతకాలపు జానపదమైనా దాని రికార్డింగ్‌కు హక్కుదారు ఉండొచ్చు, యూట్యూబ్ హక్కుల తనిఖీ అయిన కంటెంట్ ఐడీ పట్టుకునేది ఆ రికార్డింగ్‌నే. ఊరి భజన బృందంతో పాడించుకుంటే గురువు దగ్గర ఒప్పుదల రాయించుకోండి, పాడేటప్పుడు ఒకరి చెవిలో 100 వేగంతో కొట్టే క్లిక్ చప్పుడు కూడా పెట్టండి. లేబుళ్ల పని సగం తగ్గుతుంది.