ముసురు జ్వరం పద్దు

అంబాజీపేటలో ఒక కొబ్బరి వ్యాపారి దగ్గర లెక్కలు రాయడం నా పని. వెయ్యి కాయకి ఒలుపు ఎంత, లారీ కిరాయి ఎంత, ఎవరికి ఎంత అడ్వాన్సు ఇచ్చాం, పొద్దస్తమానం ఇదే గొడవ. పోయిన శ్రావణంలో మా ఇంట్లో జ్వరాలు మొదలయ్యాక కూడా చెయ్యి ఊరుకోక ప్రతి రూపాయీ రాసి పెట్టాను. ఫ్లూ అంటే నాలుగు రోజులు పడుకుని లేచే జబ్బు అనుకునేవాళ్ళకి ఈ పద్దు పనికొస్తుందని ఇక్కడ పెడుతున్నాను.

ముందు మా పాపకి వచ్చింది. బళ్ళో సగం మంది దగ్గుతున్నారట. ఒళ్ళు కాలిపోయింది, తర్వాత దులుపుకుని లేచి ఆడుకుంది. పిల్లలకి అదో వరం. తర్వాత మా ఆవిడకి, ఆ వెనకే నాకు. కళ్ళు తిప్పినా నొప్పి, నడుం విరిచేసినట్టు, పొడి దగ్గు. అందరిలో ఆఖరున అమ్మకి. అమ్మకి డెబ్బై దాటాయి, ఎన్నో ఏళ్ళుగా షుగరు ఉంది, వానాకాలం వస్తే కాస్త ఆయాసం.

మా ఊళ్ళో జ్వరమంటే మొదట ఆర్‌ఎంపీ డాక్టరు గారే. ఆయన్ని నేనేం అనను. అర్ధరాత్రి పిలిచినా వచ్చేది ఆయనే, డబ్బులు తర్వాత చూద్దాంలెండి అనేదీ ఆయనే. సెలైను పెట్టారు, యాంటీబయాటిక్ ఇంజెక్షను చేశారు, రక్తం ఇచ్చి రమ్మన్నారు. వైడాల్ పరీక్షలో టైఫాయిడ్ అని వచ్చింది. మా వైపు ఎవరికి చేయించినా ఆ పరీక్ష చాలాసార్లు అలాగే చూపిస్తుంది. ఎప్పుడో సోకిపోయిన దాని తాలూకు ఆనవాళ్ళు రక్తంలో ఉన్నా పాజిటివే అంటుంది. డెంగ్యూ చూశారు, లేదన్నారు. పక్కింటి పిన్ని గ్లాసుడు బొప్పాయాకు రసం పట్టుకొచ్చి, తాగేదాకా గుమ్మం దిగలేదు. ఫ్లూ పేరు మాత్రం ఎవరి నోటా రాలేదు.

ఫ్లూకి మందు లేదా అంటే ఉంది. ఒసెల్టామివిర్. లక్షణాలు కనిపించిన 48 గంటల్లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. పెద్దవాళ్ళకి మామూలుగా 75 మిల్లీగ్రాముల మాత్ర రోజుకి రెండు పూటలా 5 రోజులు. 10 మాత్రలకి ఐదారు వందలు అవుతుంది. 2017 దాకా ప్రత్యేక లైసెన్సున్న షాపుల్లోనే అమ్మేవారు. ఇప్పుడు డాక్టరు చీటీ ఉంటే మామూలు మందుల షాపులోనూ ఇస్తారు. కానీ చీటీ మీద ఆ పేరు రాసేవాళ్ళుండాలి కదా! మాకు రాసిందల్లా అజిత్రోమైసిన్. 2023 మార్చిలో హెచ్3ఎన్2 అనే రకం ఫ్లూ దేశమంతా తిరిగినప్పుడు, ఇలాంటి జ్వరాలకి అజిత్రోమైసిన్ లాంటివి ఊరికే వాడొద్దని ఐఎంఏ (దేశంలోని డాక్టర్ల సంఘం) వాళ్ళు డాక్టర్లకే చెప్పారు. ఆ కబురు కాలవలు దాటి మా ఊరిదాకా రాలేదు.

అమ్మకి దగ్గు తగ్గకపోగా, మాట మధ్యలో ఆగి గాలి పీల్చుకోవడం మొదలైంది. "అన్నం వద్దురా" అనడానికి కూడా రెండుసార్లు ఆగింది. వేలికి క్లిప్పు పెడితే ఆక్సిజను 88 చూపించింది. "ఇక్కడ కాదండీ, తీసుకెళ్ళిపోండి" అన్నారు ఆర్‌ఎంపీ గారు. అమలాపురంలో ఎక్స్‌రే తీసి రెండు ఊపిరితిత్తులకీ నెమ్ము అన్నారు. ప్రైవేటు అంబులెన్సు మాట్లాడుకుని ఆ రాత్రే ఎదుర్లంక వంతెన దాటి యానాం మీదుగా కాకినాడ. సర్కారు ఆసుపత్రికి వెళ్ళలేదేం అని తర్వాత చాలామంది అడిగారు. ఊపిరి అందని మనిషిని ఒళ్ళో పెట్టుకుని, డ్రైవరు ఏ గేటు ముందు ఆపితే ఆ గేటు ముందు దిగాం.

అక్కడి డాక్టరమ్మ చిన్నపిల్ల. ఫైలు చూడకుండా ముందు అడిగిన మాట: "ఇంట్లో ఇంకెవరికైనా వచ్చిందా అండీ? ఎవరి తర్వాత ఎవరికి?" వరసగా చెప్పాను. వెంటనే ముక్కులో పుల్ల పెట్టి శాంపిల్ తీయించింది, రిపోర్టు రాకుండానే ఒసెల్టామివిర్ మొదలుపెట్టింది. ఆసుపత్రిలో చేర్చేంత జబ్బయితే ఆలస్యమైనా ఇవ్వాల్సిందేనట. రిపోర్టులో ఇన్‌ఫ్లుయెంజా ఎ, హెచ్3ఎన్2 అని వచ్చింది. "స్వైన్ ఫ్లూనా అండీ?" అన్నాను. అది హెచ్1ఎన్1, ఇది దాని అన్నగారు అంది నవ్వుతూ.

ఫ్లూ చలిదేశాల జబ్బు కదా, ఇంత ఉక్కపోతలో మనకెందుకొచ్చింది అని అడిగాను. చలిదేశాల్లో అది చలికాలంలో వచ్చి పోతుంది. మన లాంటి వేడి దేశాల్లో ఏడాది పొడుగునా ఎక్కడో ఒకచోట తిరుగుతూనే ఉంటుంది. మన దేశంలో జనవరి నుంచి మార్చి దాకా ఒకసారి, వానలు పడ్డాక ఇంకోసారి ఎక్కువవుతుంది. సరిగ్గా దోమలూ, డెంగ్యూ, మలేరియా, టైఫాయిడ్ ఉండే రోజుల్లోనే వస్తుంది కాబట్టి వాటి గుంపులో కలిసిపోయి కనిపించదు. పరీక్ష చేయరు, లెక్కలోకి రాదు. పోయినవాళ్ళ కాయితం మీద నిమోనియా అనో గుండెపోటు అనో రాస్తారు.

అమ్మ ఆక్సిజను మీద ఉన్న రాత్రుళ్ళు వరండాలో కూర్చుని ఫోనులో ఇదే చదివాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏటా 100 కోట్ల మందికి ఫ్లూ వస్తుంది, 30 నుంచి 50 లక్షల మందికి ముదురుతుంది, 2 లక్షల 90 వేల నుంచి 6 లక్షల 50 వేల మంది దాకా ఊపిరితిత్తుల జబ్బుతో పోతారు. ఫ్లూ వల్ల నెమ్ము చేసి పోయే ఐదేళ్ళలోపు పిల్లల్లో 99 శాతం మంది మన లాంటి దేశాల వాళ్ళే. 2015లో మన దేశంలో ఒక్క హెచ్1ఎన్1కే 42 వేలకి పైగా కేసులు, 3 వేలకి దగ్గరగా మరణాలు లెక్కకొచ్చాయి. అవి పరీక్ష చేసినవాళ్ళవి మాత్రమే. లెక్కలు రాసేవాణ్ణి కాబట్టి నాకు పట్టుకున్నది ఆ ఆఖరి మాట.

అమ్మ కోలుకుంది. ఇక పద్దు. ఆసుపత్రి బిల్లు 62,000. బయట కొన్న మందులు, పరీక్షలు 9,400. కాకినాడ వెళ్ళకముందు, జబ్బు పేరు తెలియకుండా పెట్టింది 4,600. అంబులెన్సు, తిరుగు కారు 7,000. మా తిండీ బసా 5,500. మా ఆవిడ జాకెట్లు కుడుతుంది. వరలక్ష్మీ వ్రతం ముందు రోజులే తనకి పంట. తీసుకున్న బట్టలన్నీ కుట్టకుండానే తిరిగిచ్చేసింది, అక్కడ 12,000 పోయింది. నా జీతంలో కోత 8,000. మొత్తం 1,08,500. మేం చేరిన ఆసుపత్రి ఎన్టీఆర్ వైద్య సేవ (అమ్మ ఇప్పటికీ ఆరోగ్యశ్రీ అనే అంటుంది) జాబితాలో లేదు. 60 వేలు రెండు రూపాయల వడ్డీకి తెచ్చాం, అంటే నెలకి 1,200. వడ్డీని పై మొత్తంలో కలపలేదు. అది ఇంకా నడుస్తోంది.

పనిలోకి వెళ్ళాక కళ్ళంలో చూస్తే ఇదే కథ. ఒలుపు ముఠాలో సగం మంది లేరు. వాళ్ళకి వెయ్యి కాయల లెక్కన కూలి. ఒలిస్తేనే డబ్బు, పడుకుంటే సున్నా. అందుకని పూర్తిగా తగ్గకుండానే వచ్చేస్తారు. నేలలో పాతిన గునపం మీదకి కాయని రెండు చేతులా పొడిచి డొక్క తిప్పి ఊడదీయాలి. ఒకతను నాలుగు కాయలకోసారి ఆగి, గునపాన్నే పట్టుకుని వంగి దగ్గుతున్నాడు. పక్కన ఇద్దరు ఒలుస్తూనే ఉన్నారు. వాళ్ళిద్దరూ మర్నాడు రాలేదు. వినాయక చవితి ముందు సరుకు ఆగి, లారీ కళ్ళంలో నిలబడిపోయి, షావుకారు గారికి హాల్టింగు చార్జీ పడింది. ఆ ఖర్చు మా ఖాతా పుస్తకంలో "లారీ" కింద రాశాను. ఫ్లూ అని రాసుకోవడానికి మా పుస్తకంలో పద్దు లేదు మరి.

డిశ్చార్జి కాయితం మీద డాక్టరమ్మ ఒక వాక్యం రాసింది: ఏటా వానలకి ముందు ఫ్లూ టీకా. 65 దాటినవాళ్ళు, షుగరు, ఆయాసం ఉన్నవాళ్ళు, గర్భిణులు, ఆర్నెల్లు నిండిన చిన్నపిల్లలకి ముఖ్యం. ప్రభుత్వం పిల్లలకి ఉచితంగా వేసే టీకాల్లో ఇది లేదు, కొనుక్కోవాల్సిందే. మే నెలలో అమలాపురంలో మందుల షాపులు తిరిగితే "ఎవరూ అడగరండీ, అందుకే తెప్పించం" అన్నారు. ఒకాయన ఆర్డరు పెట్టి తెప్పించాడు, 1,700. రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉంచాలి కాబట్టి ఐసు ప్యాకు పెట్టిన థర్మోకోల్ డబ్బాలో నేరుగా డాక్టరు దగ్గరికే పట్టుకెళ్ళాం. కొనేటప్పుడు పెట్టె మీద చూడాల్సింది గడువు తేదీ ఒక్కటే కాదు, ఏ అర్ధగోళానికి చేసిందో కూడా. వైరస్ మారిపోతూ ఉంటుంది కాబట్టి టీకాలో ఏ రకాలు ఉండాలో ఏటా రెండుసార్లు నిర్ణయిస్తారు. ఉత్తరార్ధగోళానికి ఫిబ్రవరిలో, దక్షిణార్ధగోళానికి సెప్టెంబరులో. మనం ఉన్నది ఉత్తరాన అయినా, వానల ముందు వేసుకునేవాళ్ళకి చేతికందే కొత్త సరుకు దక్షిణార్ధగోళందే. వేసుకున్నాక రక్షణ రావడానికి రెండు వారాలు పడుతుంది, కాబట్టి ముసురు పట్టాక పరుగెత్తితే లాభం తక్కువ.

"వేయించుకుంటే ఇక రాదా?" అని మా ఆవిడ అడిగింది. రకం బాగా కలిసిన ఏడు కూడా, ఫ్లూ రావాల్సినవాళ్ళలో నూటికి 40 నుంచి 60 మందినే కాపాడుతుంది, వచ్చినా ముదరకుండా ఆపే అవకాశం ఎక్కువ అని చెప్పాను. "1,700కి అంతేనా?" అంది. పద్దు పుస్తకం తీసి చూపించాను. మర్నాడు తనూ వేయించుకుంది. అమ్మకి జబ్బ ఒకరోజు నొప్పెట్టింది.

ముఠాకి కూడా వేయిద్దాం, లారీ హాల్టింగు కన్నా తక్కువే అవుతుందని షావుకారు గారికి లెక్క వేసి ఇచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చూశారు. "వచ్చే ఏడు చూద్దాంలేవయ్యా" అన్నారు. మేస్త్రీకి మాత్రం ఈ ఏడే వేయించారు. ఆయన పడుకుంటే మిగతావాళ్ళెవరూ పనిలోకి రారు.