జిమ్ చూడ్డానికి పగలు పదకొండింటికి వెళ్ళండి

జిమ్‌లో చేరదామనుకుంటున్నా, ఏది బాగుంటుంది అక్కా అని అడిగేవాళ్ళకి నేను చెప్పే మొదటి మాట, సాయంత్రం ఏడింటికి వెళ్ళి చూడొద్దని. ఆ టైమ్‌లో ఏ జిమ్ అయినా బాగానే ఉంటుంది. లైట్లు, పాటలు, ఏసీ, ముగ్గురు ట్రైనర్లు, అద్దాల ముందు కుర్రాళ్ళు. అది చూసి డబ్బు కట్టేసి వస్తాం, తీరా మనం వెళ్ళేది లేడీస్ టైమింగ్స్‌లో. మా నెల్లూరులో నేను చూసినంత వరకు ఆ టైమింగ్స్ పెట్టేది మగవాళ్ళు ఎటూ రాని వేళల్లోనే, పొద్దున పదిన్నర దాటాక, లేదంటే మధ్యాహ్నం మూడింటి నుంచి. అప్పుడు వెళ్ళి చూస్తే ఏసీ ఆపేసి ఉంటుంది, ట్రైనర్ టిఫిన్‌కి వెళ్ళి ఉంటాడు, ఒకామె నేల తుడుస్తూ మన కాళ్ళు జరపమంటూ ఉంటుంది. మే నెలలో మూడింటికి స్కూటీ మీద మినీ బైపాస్‌లో వెళ్ళారంటే ఇక వార్మప్ దారిలోనే అయిపోతుంది, లోపల విడిగా చేయక్కర్లేదు.

కాబట్టి మీరు రోజూ వెళ్ళగలిగే గంట ఏదో ఆ గంటలోనే వెళ్ళి చూడండి, ఒక్కరోజు ట్రయల్ ఇవ్వమని అడగండి. లేడీ ట్రైనర్ ఉందని బోర్డు మీద రాసుంటే ఆమె ఏ రోజుల్లో, ఎన్నింటికి వస్తుందో కూడా అడగండి, ఎందుకంటే వారానికి రెండు రోజులొచ్చి పాటలకి డ్యాన్స్‌లా చేసే జుంబా చేయించి వెళ్ళిపోయే అమ్మాయిని కూడా లేడీ ట్రైనర్ అనే రాస్తారు. బాత్రూమ్ చూడండి. గొళ్ళెం పడుతుందా, నీళ్ళొస్తున్నాయా, చెత్తబుట్ట ఉందా. చెత్తబుట్ట లేదంటే అక్కడికి ఆడవాళ్ళు కూడా వస్తారని ఎవరికీ తట్టలేదనే లెక్క. మూడో అంతస్తులో ఉంటే రాత్రి ఎనిమిదిన్నరకి మెట్ల మీద లైటు వెలుగుతుందా అన్నది కూడా చిన్న విషయం కాదు. ఇంకా, ఎంత మంచి జిమ్ అయినా దూరమైతే వద్దు. వాన పడిందంటే మన అండర్‌బ్రిడ్జిల సంగతి తెలిసిందే, నీళ్ళు నిలిచాయని ఒకరోజు మానేస్తాం, మర్నాడు నీళ్ళు పోయినా మనం వెళ్ళం.

ఇక డబ్బు సంగతి. కౌంటర్ దగ్గర అబ్బాయి నెలకింత, మూడు నెలలకింత అని చెప్పి, ఏడాదికి కడితే చాలా తగ్గుతుంది మేడమ్, ఆఫర్ ఈ రోజే లాస్ట్ అంటాడు. ఆ ఆఫర్ సంక్రాంతికి ఉంటుంది, ఉమెన్స్ డేకి ఉంటుంది, ఉగాదికి ఉంటుంది, మీరు వచ్చే నెల వెళ్ళినా ఉంటుంది. ఏడాదిలో మనకి పిల్లల పరీక్షలుంటాయి, అత్తగారి కంటి ఆపరేషన్ ఉంటుంది, శ్రావణమాసం ఉంటుంది, రొట్టెల పండగ వచ్చిందంటే ఇంటి నిండా చుట్టాలుంటారు. ఆ రోజులన్నీ లెక్కేస్తే ఏడాది ప్యాకేజీలో ఆదా అయ్యేదేమీ ఉండదు. మూడు నెలలకి మించి కట్టకండి. మధ్యలో ఆపాల్సి వస్తే ఫ్రీజ్ చేస్తారా, అంటే మానేసిన రోజుల్ని లెక్కలోంచి తీసి తర్వాత కలుపుతారా, ఎన్ని రోజులు చేస్తారు అన్నది నోటిమాటగా కాకుండా బిల్లు మీద రాయించుకోండి. ఇంకో విషయం, జిమ్ ఫీజు మీద జీఎస్‌టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 శాతం కాకుండా 5 శాతం అయింది, పాత లెక్కే చెప్తే నిలదీయండి. చెప్పినవి ఇవ్వకపోయినా, మధ్యలో మూసేసినా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు, కానీ దానికి చేతిలో బిల్లు ఉండాలి. నాకు తెలిసిన ఒక టీచరమ్మ ఏడాదికి కట్టింది, నాలుగు నెలలు తిరక్కుండానే అక్కడ టు-లెట్ బోర్డు వేలాడింది. ఆమె దగ్గరున్నది ఒక్క యూపీఐ స్క్రీన్‌షాట్, అది కూడా ఓనర్ బామ్మర్ది పేరు మీద.

అయితే నా అసలు కోపం వీటి మీద కాదు. చేరిన మొదటి రోజు ఏం జరుగుతుందో చూడండి. మగపిల్లాడు చేరితే ఏం బ్రో, ఏం చేద్దామనుకుంటున్నావ్ అని అడిగే ట్రైనర్, మనల్ని మాత్రం "ఎన్ని కేజీలు తగ్గాలి మేడమ్?" అంటాడు. తగ్గాలా వద్దా అని అడగడు, ఎన్ని అనే అడుగుతాడు. కార్డు మీద వెయిట్ లాస్ అని రాసి, ట్రెడ్‌మిల్ ఇరవై నిమిషాలు, సైకిల్ పది, క్రాస్ ట్రైనర్ పది, ఆఖర్న పొట్టకి క్రంచెస్, అంటే వెల్లకిలా పడుకుని తలా భుజాలూ పైకి లేపడం, అని చెప్పి ఫోన్ చూసుకుంటూ కూర్చుంటాడు. డంబెల్స్ ఇచ్చినా కేజీవి ఇస్తాడు, గులాబీ రంగువి. నెల తర్వాతా అవే, ఆరు నెలల తర్వాతా అవే. నడవడానికే అయితే ఏసీ సుబ్బారెడ్డి స్టేడియం ఉంది, తెల్లారకముందు మాగుంట లేఅవుట్ రోడ్లన్నీ ఖాళీగానే ఉంటాయి, దానికి జిమ్ ఎందుకు? జిమ్‌లో ఉండి ఇంట్లో లేనివి రెండే, బరువులూ, వాటిని నడుము పట్టేయకుండా ఎలా ఎత్తాలో చెప్పే మనిషీ. ఆ రెండూ ఇవ్వకుండా మగవాళ్ళ దగ్గర తీసుకున్న ఫీజే మన దగ్గరా తీసుకుంటున్నారు. మనమూ తగ్గితే చాలు అనుకునే వెళ్తాం కాబట్టి అడగం.

క్రంచెస్ చేస్తే పొట్ట దగ్గరి కొవ్వే కరుగుతుందనేది నిజం కాదు, కొవ్వు ఎక్కడ నుంచి ముందు తగ్గాలో శరీరం మనల్ని అడిగి చేయదు. నడుముకి చుట్టే స్వెట్ బెల్ట్ కూడా అంతే, చెమట పోతుంది, రెండు గ్లాసుల నీళ్ళు తాగగానే ఆ బరువు వెనక్కొస్తుంది. మళ్ళీ ఇవే ఎక్కువగా మనకి అమ్ముతారు.

బరువులెత్తితే మగాళ్ళలా అయిపోతామనే భయం ఒకటి. కండ అంత పెరగడానికి పెద్ద కారణం టెస్టోస్టెరాన్, అది మామూలుగా ఆడవాళ్ళలో మగవాళ్ళకున్న దాంట్లో పదో వంతు కూడా ఉండదు. మన శ్రీకాకుళం జిల్లా అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కేజీల విభాగంలో స్నాచ్‌లో (ఒకే ఊపులో తల మీదికి ఎత్తేది) 110, క్లీన్ అండ్ జెర్క్‌లో (ముందు భుజాల దాకా, అక్కణ్ణుంచి పైకి ఎత్తేది) 130, రెండూ కలిపి 240 కేజీలెత్తి కాంస్యం తెచ్చింది, ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమే. దానికి ఆమె చిన్నప్పటి నుంచీ ఏళ్ళ తరబడి అదే పనిగా సాధన చేసింది. మనం వారానికి మూడు రోజులు వెళ్ళి ఐదు కేజీల డంబెల్ పట్టుకుంటే రాత్రికి రాత్రి కండలొచ్చేస్తాయని భయపడటం మన మీద మనకి కాస్త ఎక్కువ నమ్మకమే.

రెండో భయం ఇంకా గట్టిది. మా అపార్ట్‌మెంట్‌లో ఒక పెద్దావిడ లిఫ్ట్ దగ్గర నన్ను ఆపి, "ఏందమ్మా, ఆడబిడ్డవి అంతంత బరువులెత్తుతుండావంట, గర్భసంచి జారితే ఎవరు చూసేది?" అంది. ఆవిడ కోడలు లిఫ్ట్ పనిచేయని రోజు ఇరవై లీటర్ల నీళ్ళ క్యాన్ రెండంతస్తులు మోసుకొచ్చి వంగి డిస్పెన్సర్ మీద బోర్లిస్తుంది. ఆ క్యాన్‌లో నీళ్ళే ఇరవై కేజీలు. జిమ్‌లో బరువులు తగిలించే పొడుగు ఇనప కడ్డీని ఒలింపిక్ బార్ అంటారు, ఏ బరువూ తగిలించకపోతే అది కూడా సరిగ్గా ఇరవై కేజీలే, ఆడవాళ్ళ పోటీల్లో వాడే బార్ అయితే పదిహేనే. క్యాన్ ఎలా ఎత్తాలో ఆ అమ్మాయికి ఎవరూ చెప్పలేదు, బార్ ఎలా ఎత్తాలో చెప్పడానికి జిమ్‌లో ఒక మనిషికి జీతమిస్తున్నారు, అంతే తేడా. నిజంగానే ఇదివరకే గర్భసంచి జారిన వాళ్ళు, కింద బరువుగా లాగుతున్నట్టు అనిపించేవాళ్ళు మాత్రం ముందు గైనకాలజిస్ట్‌కి చూపించుకుని, ఆవిడ ఏది చేయొచ్చంటే అదే చేయాలి.

ట్రైనర్ని మొదటి వారంలోనే నాకు వెయిట్స్ నేర్పించండి అని అడగండి. స్క్వాట్ (బరువుతో గొంతుక్కూర్చుని లేవడం), డెడ్‌లిఫ్ట్ (నేల మీది బరువుని ఎత్తి నిలబడటం), చేతులతో నెట్టేది ఒకటి, లాగేది ఒకటి, మొదట్లో అంతకన్నా అక్కర్లేదు. చిన్న నోటుబుక్కు పెట్టుకుని ఏది ఎంత బరువుతో ఎన్నిసార్లు చేశారో రాసుకోండి. పన్నెండుసార్లు తేలిగ్గా వచ్చేస్తుంటే బరువు కొంచెం పెంచాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా పెద్దవాళ్ళకి వారానికి కనీసం 150 నిమిషాల నడకలాంటి వ్యాయామంతో పాటు, రెండు రోజులైనా కండరాలకి పని చెప్పమంటుంది. మెనోపాజ్ తర్వాత ఎముకలు గుల్లబారడం తెలిసిన విషయమే, బాత్రూమ్‌లో జారిపడి తుంటి విరిగిన పెద్దవాళ్ళు మన ఇళ్ళల్లో ఎంతమంది లేరు. ఎముకకి బలం రావాలంటే దాని మీద బరువు పడాలి, ఆ పని నలభైల్లోనే మొదలుపెడితే మంచిది.

చేరకముందు ఒక రక్తపరీక్ష చేయించుకోండి, హిమోగ్లోబిన్, థైరాయిడ్. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. అంటే ట్రెడ్‌మిల్ మీద పది నిమిషాలకే ఆయాసపడి, నా వల్ల కాదులే అని మానేసిన వాళ్ళలో ఎంతోమందికి లోపం ఒంట్లో ఓపిక కాదు, రక్తం. హిమోగ్లోబిన్ 12 కన్నా తక్కువుంటే అది రక్తహీనతే, ముందు డాక్టర్ చెప్పిన ఐరన్ మాత్రలు వాడండి, జిమ్ ఎక్కడికీ పోదు.

ఇంకొకటి ఎవరూ పైకి చెప్పుకోరు. కాన్పుల తర్వాత చాలామందికి గెంతినప్పుడు, పరిగెత్తినప్పుడు రెండు చుక్కలు మూత్రం పడుతుంది. జుంబాలో వెనక వరసలో నిలబడి గెంతకుండా చేతులు మాత్రం ఊపేవాళ్ళని చూడండి, చాలాసార్లు బద్ధకం కాదు అది. కొంతమంది ఆ సిగ్గుతోనే మానేస్తారు. మగ ట్రైనర్‌కి ఎలా చెప్పాలి? ఏం చెప్పక్కర్లేదు, నాకు గెంతేవి వద్దు, వేరేవి ఇవ్వండి అంటే చాలు. దీనికి మూత్రం ఆపుకునే కటి కండరాల వ్యాయామాలున్నాయి, కెగెల్స్ అంటారు, గైనకాలజిస్టో ఫిజియోథెరపిస్టో నేర్పిస్తారు, సరిగ్గా చేస్తే చాలామందికి తగ్గుతుంది. సిజేరియన్ అయిన వాళ్ళు కూడా డాక్టర్ని అడగకుండా పొట్ట వ్యాయామాలు మొదలుపెట్టొద్దు.

తిండి. ఇక్కడే మనం మనల్ని ఎక్కువ మోసం చేసుకునేది. జిమ్‌లో చేరగానే రాత్రి అన్నం మానేసి, పొద్దున ఖాళీ కడుపుతో గ్రీన్ టీ తాగి వెళ్ళేవాళ్ళే ఎక్కువ. సముద్రం పక్కనున్న జిల్లా మనది, చేపలకి రొయ్యలకి కొదవ లేదు, అయినా చేపల పులుసు చేసిన రోజు ముక్కలు ఎవరి కంచంలోకి వెళ్తాయో ఒకసారి చూడండి. ఆయనకి రెండు, పిల్లలకి ఒక్కొక్కటి, మామగారికి తలకాయ, మనకి అడుగున మిగిలిన పులుసూ మామిడికాయ ముక్కా. రొయ్యలు వంద గ్రాములు తింటే దాదాపు ఇరవై గ్రాముల ప్రోటీన్, చేప కూడా అటూ ఇటూ అంతే, గుడ్డులో ఆరు. మామూలు మనిషికే రోజుకి కేజీ బరువుకి 0.8 గ్రాములకి పైగా కావాలి, బరువులెత్తేవాళ్ళకి అంతకన్నా ఎక్కువ. శనివారం ఒంటిపూట, కార్తీకమాసం అంతా నీచు లేదు అంటారు సరే, ఆ రోజుల్లో నీళ్ళ పప్పుచారుతో సరిపెట్టకుండా గట్టిపప్పు, పెసలు, శనగలు, పెరుగు, పన్నీరు తినండి. ముందు మీ ముక్క మీరు తీసి పక్కన పెట్టుకోండి, ఎవరూ ఏమీ అనుకోరు, అనుకున్నా పర్లేదు. ట్రైనర్ అంటగట్టే ప్రోటీన్ పౌడర్ తప్పనిసరేం కాదు. కొనాలనుకుంటే డబ్బా మీద 14 అంకెల ఫుడ్ సేఫ్టీ లైసెన్స్ నంబర్ ఉందో లేదో చూడండి, కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు డాక్టర్ని అడగకుండా ముట్టుకోవద్దు. కొవ్వు కరిగిస్తాయంటూ ఫ్యాట్ బర్నర్ మాత్రల మాట ఎత్తినవాడి దగ్గర మాత్రం ఇంకేమీ కొనకండి.

చున్నీ వేసుకుని ట్రెడ్‌మిల్ ఎక్కొద్దు, బెల్టు కింద చిక్కుకుంటుంది. నల్లపూసలు, పొడుగు గొలుసులు తీసి ఇంట్లో పెట్టండి, మంగళసూత్రం తీయడం ఇష్టం లేకపోతే టీషర్టు లోపలికి వేసుకుని పిన్ను పెట్టండి. చెప్పులతో, అదీ గుడికి వేసుకెళ్ళే పాత చెప్పులతో వచ్చేవాళ్ళని చూస్తే నాకు భయమేస్తుంది. మంచి స్పోర్ట్స్ బ్రా బూట్ల కన్నా ముందు కొనాలి. ట్రైనర్ ముట్టుకుని సరిచేయాల్సి వస్తే ముందు అడగాలి, అడగకుండా చెయ్యేస్తే "నోటితో చెప్పి చూపించండి చాలు" అని ఒక్కసారి గట్టిగా అనండి, రెండోసారీ అదే చేస్తే ఓనర్‌కి చెప్పండి, వింతగా చూస్తే ఫీజు పోయినా సరే అక్కడ ఉండొద్దు. జిమ్ వాళ్ళు రీల్స్ తీస్తుంటారు, వెనక మనం వంగి బరువెత్తుతూ అందులో పడతాం. నా వీడియో పెట్టొద్దు అని చేరిన రోజే చెప్పేయండి, ముందు-తర్వాత ఫోటోలు అడిగినా సరే.

వెయింగ్ మెషిన్ రోజూ ఎక్కకండి. నెలసరి డేట్‌కి ముందు ఒకట్రెండు కేజీలు ఒంట్లో నీరు వల్లే పెరగొచ్చు, అది చూసి ఏడ్చి ఆ సాయంత్రం ఉపవాసం చేసినామెని నేను చూశాను. టైలర్ టేపుతో నెలకోసారి నడుము, తుంటి, తొడ, చెయ్యి కొలిచి నోటుబుక్కులో రాసుకోండి. బరువు ఒక్క కేజీ తగ్గకుండానే నడుము అంగుళం తగ్గడం మామూలే. జాకెట్లే కాస్త ఇబ్బంది పెడతాయి, కింద వదులవుతాయి, భుజం దగ్గర పట్టేసినట్టుంటాయి. పెళ్ళిళ్ళ సీజన్‌కి కొత్తవి కుట్టిస్తుంటే లోపల గుడ్డ కొంచెం ఎక్కువ వదలమని టైలర్‌కి ముందే చెప్పండి.